‘దళిత’ – తిరగలి తిప్పినదెవరు?

ముంబయి వైపు నుంచి సూరత్‌కు వచ్చే ప్యాసింజరు రైలు సచిన్ దాటాక, ఉధనా రాకముందు ఆగే స్టేషను భేస్తాన్. ఒకప్పుడు చోర్యాసీ తాలూకాలో పల్లె. నేడు సూరత్ మహానగరంలో భాగం. పక్కనే పాండేసరా పారిశ్రామిక వాడ, అద్దకం మిల్లులు, మరమగ్గాల షెడ్లు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బిహార్, మహారాష్ట్రల నుంచి వచ్చిన శ్రామికులతో పాటు వరంగల్లు, కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి వలస వచ్చిన చేనేత కుటుంబాలు కూడా దశాబ్దాలుగా ఈ నగరపు మగ్గాల మోత నడుమనే బతుకుతున్నాయి.

ఇక్కడి తెలుగువారు గోధుమలు పట్టించుకోవడానికి వెళ్ళే పిండి మరను గుజరాతీలో ‘ఘంటీ’ అంటారు. విసరడాన్ని, పిండి పట్టడాన్ని ‘దళవుం’ అంటారు. మరాఠీలో అదే ‘దళణే’. మన ‘దళిత’ శబ్దానికి పుట్టుక ఎక్కడో శాస్త్ర గ్రంథాల్లో వెతకనక్కరలేదు. అది ఈ పిండి మర దగ్గర రోజూ వినబడుతూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే, గుజరాతీలు, మరాఠీలు పిండి మర మాటను ‘ళ’తోనూ, మనుషులకు పెట్టిన పేరును ‘ల’తోనూ రాస్తారు. తెలుగువారు మాత్రం మనిషి పేరులోనూ ‘ళ’నే నిలుపుకున్నారు.

సంస్కృతంలో ‘దల్’ ధాతువుకు పగులు, చీలు, విచ్చుకొను అని అర్థాలు. ప్రేరణార్థంలో పగులగొట్టు, చీల్చు అనే అర్థం వస్తుంది. పూవు నుంచి విడివడే రేకు దళం. రెండుగా చీలిన గింజ హిందీలో ‘దాల్’. కావ్యాల్లో విచ్చుకున్న పూవునూ ‘దళితం’ అన్నారు. ముక్కలైన వస్తువునూ ‘దళితం’ అన్నారు. దేశభాషల్లో రెండో అర్థమే స్థిరపడింది. గింజ తనంతట తాను పిండి కాదు. తిరగలి ఉండాలి, దాన్ని తిప్పే చెయ్యి ఉండాలి. ‘దళిత’ అనగానే వెంటనే పుట్టే ప్రశ్న అదే: నలగగొట్టినదెవరు?

ఈ దేశంలో అణచివేతకు గురైనవారికి పెట్టిన పేర్లలో అత్యధికం ఈ ప్రశ్న రాకుండా జాగ్రత్తపడినవే. అందుకు సూరత్ జిల్లా చరిత్రే మంచి సాక్ష్యం.

దక్షిణ గుజరాత్ పొలాల్లో తరతరాలుగా పనిచేసినవారు దుబ్లాలు. ‘దుర్బల’ శబ్దం నుంచే ఆ పేరు వచ్చిందని చెబుతారు. వారిలో అప్పు కింద భూస్వామికి కట్టుబడిన పాలేరును ‘హాలీ’ అనేవారు. హల్ అంటే నాగలి. పెళ్ళి కోసం తీసుకున్న అప్పు జీవితకాలపు చాకిరీగా మారేది. భార్య యజమాని ఇంట పనికి, పిల్లలు పశువుల వెంట. యజమానిని ‘ధణియామో’ అనేవారు. కూలి గింజలతో అప్పు తీరదు. అప్పు తీరనిదే గడప దాటడానికి లేదు. ఆ వ్యవస్థలో బలహీనత కారణం కాదు, ఫలితం. కానీ పేరు మాత్రం ఫలితాన్నే స్వభావంగా నమోదు చేసింది. ‘వీరు బలహీనులు’ అంటే కథ అక్కడితో ముగుస్తుంది. వీరిని బలహీనులను చేసినది ఎవరి పొలం, ఎవరి ఖాతా పుస్తకం అన్న ప్రసక్తి రాదు.

1928లో బార్డోలీ సత్యాగ్రహం దేశాన్ని కదిలించింది. భేస్తాన్ నుంచి బార్డోలీ దగ్గరే. పెంచిన భూమిశిస్తు కట్టబోమని వల్లభ్‌భాయ్ పటేల్ నాయకత్వంలో రైతులు నిలిచి గెలిచారు. ఆ పొలాలు దున్నినది దుబ్లాలే. శిస్తు తగ్గింపు ఫలం భూమి ఉన్నవారికి దక్కింది. అయితే ఆ కాలపు గాంధేయ కార్యకర్తలు దుబ్లాల దుస్థితిని చూడకపోలేదు. వారు చేసిన పనుల్లో ఒకటి పేరు మార్చడం. దుబ్లా అవమానకరం కనుక ‘హళపతి’ అన్నారు. నాగలికి అధిపతి అని అర్థం. 1946లో హళపతి సేవా సంఘం ఏర్పడింది. అదే విధంగా తూర్పు కొండల ఆదివాసులను పై కులాలవారు ‘కాళీపరజ్’, అంటే నల్ల ప్రజ అని పిలిచేవారు. తమను తాము ‘ఉజళీపరజ్’, తెల్ల ప్రజ అనుకునేవారు. 1920ల్లో కాళీపరజ్ కాస్తా ‘రానీపరజ్’, అడవి ప్రజ అయింది.

ఉద్దేశాన్ని శంకించనక్కరలేదు. కానీ నాగలికి అధిపతి అన్న పేరు వచ్చినవాడికి నాగలి రాలేదు, భూమి రాలేదు. డచ్చి సామాజిక శాస్త్రవేత్త యాన్ బ్రెమన్ 1960ల ఆరంభంలో దక్షిణ గుజరాత్ గ్రామాల్లో పరిశోధన మొదలుపెట్టి, తరవాత దశాబ్దాల పాటు మళ్ళీ మళ్ళీ వచ్చి చూశారు. పాత హాలీ బంధం సడలింది. దానితోపాటు యజమాని గింజలు పెట్టే పూచీ కూడా పోయింది. చెరకు నరకడానికి భూస్వాములు మహారాష్ట్ర నుంచి కూలీలను దింపుకున్నారు. హళపతి తన ఊళ్ళోనే పనిలేనివాడయ్యాడు. కార్ఖానాలూ స్థానికుల కంటే బయటివారినే ఇష్టపడ్డాయి. ప్రభుత్వ షెడ్యూల్డు తెగల జాబితాలో నేటికీ దుబ్లా, తళావియా, హళపతి అని మూడు పేర్లూ పక్కపక్కనే ఉంటాయి. పేర్లు పెరిగాయి.

‘హరిజన’ కథా గుజరాతీ నేల మీదే మొదలయింది. 15వ శతాబ్దపు భక్తకవి నరసింహ మెహతా వాడిన మాట అది. ‘అంత్యజ’ అని పిలిపించుకోవడం బాధగా ఉందని అంటరానివారు చెప్పినప్పుడు, ఒక పాఠకుడు ఈ మాటను సూచించగా గాంధీజీ 1931లో దాన్ని స్వీకరించారు. 1933 ఫిబ్రవరి 11న పుణె నుంచి ‘హరిజన్’ వారపత్రిక వెలువడింది. మొదటి సంచికకు సందేశం కోరితే అంబేడ్కర్ సందేశం ఇవ్వలేదు. బదులుగా, కులవ్యవస్థ ఉన్నంతకాలం దాని నుంచి వెలివేతకు గురైనవారు ఉంటూనే ఉంటారనీ, కులం పోనిదే వారికి విముక్తి లేదనీ రాశారు. ‘హరి జనులు’ అన్న మాటలో దేవుడు ఉన్నాడు, జనులు ఉన్నారు. బావి దగ్గర అడ్డుపడ్డవాడు లేడు.

1938 జనవరిలో బొంబాయి శాసనసభలో స్థానిక సంస్థల చట్ట సవరణ బిల్లు వచ్చింది. సూరత్ జిల్లా అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. బిల్లులో ‘హరిజన’ అనే పదాన్ని వాడటానికి ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యులు అభ్యంతరం చెప్పారు. మమ్మల్ని ఏమని పిలవాలో మేము చెబుతామన్నదే వారి వాదం. ఓటింగులో ఓడిపోయి, అంబేడ్కర్‌తో సహా సభ నుంచి నిష్క్రమించారు. సరిగ్గా మరుసటి నెలలో సూరత్ జిల్లాలోని హరిపురాలో సుభాష్ చంద్ర బోస్ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ వైభవంగా జరిగింది. దేశానికి ఏ పేరుతో, ఏ హోదాతో స్వాతంత్ర్యం కావాలో అక్కడ చర్చించారు. తమ పేరు తాము ఎంచుకునే హక్కు కోసం నెల ముందు సభ విడిచి వెళ్ళినవారి ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు.

పేరు కోసం పోరు తెలుగునేల మీద అంతకు ముందే సాగింది. 1917 నవంబరులో బెజవాడలో పంచమ మహాసభ తలపెట్టారు. అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాదు నుంచి వచ్చారు. నాలుగు వర్ణాల తరవాత ఐదోవారమని ఒప్పుకోవడమేమిటని ఆయన ఆ పేరునే ప్రశ్నించారు. సభ ‘ఆది ఆంధ్ర’ మహాసభ అయింది. ఈ నేలకు మొదటివారమన్న ప్రకటన అది. 1922లో మద్రాసు ప్రభుత్వం పంచమ, పరయ వంటి పేర్లకు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అన్న పేర్లను అధికారికంగా ఆమోదించింది. నిజాం రాజ్యంలో భాగ్యరెడ్డి వర్మ కృషితో 1931 జనగణనలో ‘ఆది హిందువులు’ నమోదయ్యారు. తమంతట తాము పెట్టుకున్న ఆ పేర్లను తరవాతి దశాబ్దాల్లో ‘హరిజన’ పక్కకు నెట్టింది. ఊరి చివర వాడ హరిజనవాడ అయింది. వాడ ఊరి చివరే ఉంది.

మన రాజకీయ పరిభాషలో నేటికీ చెల్లుతున్న మాటలను ఒకసారి పరికించి చూడాలి. ‘వెనుకబడిన’ తరగతులు: ఎవరూ నెట్టలేదు, వారే పడిపోయారు. ‘అణగారిన’ వర్గాలు: అణగారు అకర్మక క్రియ, నీరు ఇంకినట్టు, మంట చల్లారినట్టు, తమంతట తాము అణగిపోయారు. ‘బలహీన’ వర్గాలు, ‘బడుగు’ జీవులు: సూరత్ జిల్లా ‘దుబ్లా’కు ఇవి అచ్చమైన తెలుగు రూపాలు. ‘అంటరానివారు’: అంటరాదన్నదెవరో ఆ మాట చెప్పదు. ఎన్నికల వేదికల మీద ఈ మాటలు అంత సులువుగా దొర్లడానికి కారణం ఇదే. ఇవి సానుభూతిని అడుగుతాయి. ఎవరినీ సంజాయిషీ అడగవు. సభలో ముందు వరుసలో కూర్చున్నవారు నొచ్చుకునే ప్రమాదం లేదు.

అయితే వ్యాకరణం ఒక్కటే సరిపోదు. ‘దళిత’ అనే మాట కూడా మొదట్లో ఇతరుల నోటే వినిపించింది. 1920ల్లో స్వామి శ్రద్ధానంద ఢిల్లీలో నడిపినది దళితోద్ధార సభ. అక్కడ దళితుడు ఉద్ధరణకు గురయ్యేవాడు, ఉద్ధరించేవారు వేరు. బ్రిటిషు ప్రభుత్వం వాడిన ‘డిప్రెస్డ్ క్లాసెస్’ కూడా అణచబడినవారనే అర్థాన్నే ఇస్తుంది. అయినా 1931లో రౌండ్ టేబుల్ సమావేశానికి రెట్టమలై శ్రీనివాసన్‌తో కలిసి ఇచ్చిన అనుబంధ పత్రంలో అంబేడ్కర్ ఆ పేరు మీద అభ్యంతరం చెప్పారు. అది తమను దిక్కులేని జనంగా చూపుతుందని, నిజానికి తమలో చదువుకున్నవారూ స్థితిమంతులూ ఉన్నారని చెప్పి, ‘కులేతర హిందువులు’, ‘ప్రొటెస్టెంట్ హిందువులు’ వంటి పేర్లను సూచించారు. అంటే మాటలో కర్మ ఎవరో తెలిస్తే చాలదు, ఆ మాట పలికే గొంతు ఎవరిదన్నది కూడా తేలాలి.

1935 చట్టంతో ‘షెడ్యూల్డు కులాలు’ అన్న పేరు వచ్చింది. మరుసటి ఏడాది జాబితా వెలువడింది. 1942లో అంబేడ్కర్ స్థాపించిన సంస్థ పేరు కూడా షెడ్యూల్డు కులాల ఫెడరేషనే. 1948లో వెలువడిన ‘ది అన్‌టచబుల్స్’ గ్రంథంలో ఆయన అంటరానితనం పుట్టుక గురించి ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. యుద్ధాల్లో చెల్లాచెదరై ఊరి వెలుపల ఆశ్రయం పొందిన తెగల మనుషులను అందులో ఆయన ‘బ్రోకెన్ మెన్’ అన్నారు. ముక్కలైనవారు. తెలుగులో ఒక్క మాటలో చెప్పాలంటే దళితులు.

ఆ మాటను బాధితుల గొంతులోకి తెచ్చినది 1972లో బొంబాయి యువకులు. నామ్‌దేవ్ ఢసాల్, జె.వి. పవార్, రాజా ఢాలే ప్రభృతులు దళిత పాంథర్స్‌ను ప్రారంభించారు. అమెరికాలోని బ్లాక్ పాంథర్స్ వారికి ప్రేరణ. అక్కడ ‘బ్లాక్’ అన్న మాటను నల్లవారు తలెత్తి చెప్పుకున్నట్టే, ఇక్కడ ‘దళిత’ను వీరు చెప్పుకున్నారు. గుజరాత్‌కు ఆ గాలి త్వరగానే సోకింది. 1978లో గుజరాతీ దళిత కవుల పత్రిక ‘ఆక్రోశ్’ వెలువడింది. 1981లో, 1985లో ఆ రాష్ట్రం రిజర్వేషన్ వ్యతిరేక ఆందోళనలతో అట్టుడికినప్పుడు, పేరు కేవలం సాహిత్య విషయం కాదని తేలిపోయింది.

తెలుగునాట ఆ మాట నిఘంటువులోంచి రాలేదు, కారంచేడులోంచి వచ్చింది. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీటి చెరువును మురికి చేయవద్దన్నందుకు మొదలైన గొడవ అది. ప్రాణాలు దక్కించుకున్నవారు చీరాల చేరారు. అక్కడే సెప్టెంబరు 1న దళిత మహాసభ ఆవిర్భవించింది. బొజ్జా తారకం, కత్తి పద్మారావు నాయకత్వం వహించారు. అంతకు ముందు పత్రికలు ‘హరిజనుల మీద దాడి’ అని రాసేవి. కారంచేడు తరవాత బాధితులు తమ పేరు తామే చెప్పారు. 1989లో పార్లమెంటు చేసిన అత్యాచారాల నిరోధక చట్టం ఇటువంటి ఘటనల వెనుకనే వచ్చింది. ఆ చట్టం దళితుల స్థితిని కాక, వారిమీద ఇతరులు చేసిన పనులను ఒక్కొక్కటిగా నేరమని పేర్కొంది. చట్టం కూడా కర్తను వెతకడం నేర్చుకున్నదన్న మాట.

వెతకడం వేరు, దొరకడం వేరు. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల హత్య జరిగింది. 2007లో ప్రత్యేక న్యాయస్థానం 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నిటినీ కొట్టివేసింది. ఎనిమిది ప్రాణాలు పోయాయి. ఆ తీర్పు నాటికి చట్టం దృష్టిలో చంపినవాడు లేడు.

ఈ మాట ఎవరెవరికి చెల్లుతుంది? 1973 నాటి పాంథర్స్ ప్రణాళిక షెడ్యూల్డు కులాలు, తెగలు, నవబౌద్ధులతో పాటు శ్రామికులను, భూమిలేని పేద రైతులను, స్త్రీలను, మతం పేరిటా రాజకీయార్థిక రంగాల్లోనూ దోపిడీకి గురయ్యే వారందరినీ దళితులన్నది. ఆ లెక్కన సూరత్ షెడ్డులో పన్నెండు గంటలు నిలబడే తెలుగు నేతగాడూ దళితుడే, బార్డోలీ హళపతీ దళితుడే. ఐక్యతకు ఆ విశాల నిర్వచనం అవసరం కావచ్చు. కానీ ఒక తేడా ఉంది. నేతగాడి శ్రమను దోచుకుంటారు. అతడు ముట్టుకున్న నీటిని పారబోయరు. అతడు పీడితుడు. పీడితులందరూ దళితులన్నప్పుడు కులం అనే ప్రత్యేకమైన తిరగలి కనబడకుండా పోతుంది. అందుకే కాలక్రమంలో వాడుక ఆ మాటను అంటరానితనం అనుభవించినవారి చెంతనే నిలిపింది.

లోపలి నుంచి వచ్చిన ప్రశ్న ఇంకా పదునైనది. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలయింది. మంద కృష్ణ, ఆయన సహచరులు తమ పేరు చివర ‘మాదిగ’ చేర్చుకున్నారు. తిట్టుగా వాడిన కులం పేరే బిరుదయింది. అందరినీ దళితులనే ఒక్క గాట కడితే, ఆ గాటలో వాటా ఎవరికి ఎంత దక్కిందో తెలియదన్నది వారి వాదం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు సభ్యుల ధర్మాసనం 6–1 మెజారిటీతో ఉపవర్గీకరణ చెల్లుతుందన్నది. దండోరా ‘దళిత’ను కాదనలేదు, కర్తను అడిగే మాట లోపలివారినీ అడగక తప్పదని గుర్తుచేసింది.

ప్రభుత్వాలకు మాత్రం ఈ మాటతో మొదటి నుంచీ ఇబ్బందే. 1982లో కేంద్రం కులధ్రువీకరణ పత్రాల్లో ‘హరిజన’ వద్దన్నది. అది బాధితులు కోరినదే. 2008లో జాతీయ షెడ్యూల్డు కులాల కమిషన్ ‘దళిత’ రాజ్యాంగంలో లేని మాట కనుక వాడవద్దని రాష్ట్రాలకు చెప్పింది. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అత్యాచారాల నిరోధక చట్టం పదును తగ్గిస్తూ తీర్పు ఇవ్వగా, ఏప్రిల్ 2న దేశమంతటా దళితులు వీధుల్లోకి వచ్చారు. అదే ఏడాది ఆగస్టు 7న కేంద్ర సమాచార, ప్రసార శాఖ బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనం ఆదేశాన్ని ఉటంకిస్తూ, ‘దళిత’కు బదులు ‘షెడ్యూల్డు కులం’ అనాలని టీవీ చానళ్ళకు సలహా పంపింది.

ధ్రువీకరణ పత్రంలో, రిజర్వేషన్ జీవోలో చట్టబద్ధమైన పేరే ఉండాలి. అందులో వివాదం లేదు. షెడ్యూల్డు కులాల జాబితాలో లేని దళిత క్రైస్తవుల వంటివారు ఉన్నారు. కనుక రెండు మాటలూ ఒకదానికొకటి పర్యాయపదాలు కావు కూడా. కానీ వార్త ధ్రువీకరణ పత్రం కాదు. ‘షెడ్యూల్డు’ అంటే జాబితాకెక్కిన అని అర్థం. జాబితా ఎందుకు అవసరమయిందో ఆ మాట చెప్పదు. 2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చనిపోయిన ఆవు చర్మం తీస్తున్న యువకులను కొట్టుకుంటూ ఊరేగించినప్పుడు, ఆ దెబ్బలు ఒక జాబితాలోని పేర్ల మీద పడలేదు. మరుసటి నెల అహ్మదాబాదు నుంచి ఊనాకు సాగిన పాదయాత్రకు వారు పెట్టుకున్న పేరు దళిత అస్మితా యాత్ర. అడిగినది సానుభూతి కాదు, కుటుంబానికి ఐదెకరాల భూమి. హళపతికి బిరుదుతో పాటు ఇవ్వడం మరచినదీ అదే.

దళితులు ఈ మాటను శాశ్వతంగా మోయాలని ఎవరూ కోరరు. నలిగినతనం ఎవరికీ గుర్తింపు కాకూడదని, బౌద్ధులమనో బహుజనులమనో చెప్పుకుందామని అంటున్నవారు వారిలోనే ఉన్నారు. ఆ మాటను ఎప్పుడు దించాలో తేల్చుకునే హక్కు మోసినవారిదే. 1917లో బెజవాడలో పేరు మార్చినది ఆ హక్కుతోనే. 1938లో బొంబాయి సభలో ఓటింగులో ఓడిపోయినది ఆ హక్కే. మంత్రిత్వశాఖ సలహాపత్రంతో ఒక మాట తెర మీద నుంచి తొలగిపోవచ్చు. భేస్తాన్ పిండి మర దగ్గర మాత్రం ‘దళవుం’ అనే మాట రేపూ వినబడుతుంది. తిరగలి తిరుగుతున్నంతకాలం, తిప్పుతున్నదెవరని అడిగే మాట కావాలి.